కూలెంత బిడ్డా?

కాలేజీ పిల్లలకు ఓపెన్ సోర్స్ వర్క్‌షాపులు పెడుతున్నానని చెప్తే మా బాపు అడిగిన మొదటి మాట, "కూలెంత బిడ్డా?" కూలి లేదు బాపూ, రాసింది అందరికీ ఇచ్చేస్తరు అన్నాను. బీడీ ఆర్పి నా మొఖం చూసిండు. "గట్లయితే వెట్టి అను" అన్నడు.

తీసిపారేసే మాట కాదది. మా తాత నల్గొండ జిల్లాలో వెట్టి మాదిగ. గడీలో గొడ్డు చస్తే మోసుకుపోయేది ఆయన, లందలో తోలు నానబెట్టేది ఆయన, చెప్పులు కుట్టి దొర వాకిట్ల పెట్టేది ఆయన. డప్పు కొట్టి చాటింపు వేయాలన్నా, పక్కూరికి చీటీ మోయాలన్నా ఆయనే. కల్లం కాడ ఊడ్చుకున్న గింజలే జీతం. అట్లాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లను పట్టుకుని "ఊరికే పని చేయి, పేరొస్తది" అనడానికి నోరెట్లా వస్తుంది? హైదరాబాదులో ఏసీ హాళ్లలో ఇవే వర్క్‌షాపులు పెట్టేవాళ్లు సేవ అంటారు, పంచుకోవడం అంటారు. వాళ్ల తాతల చేత ఎవరూ ఊరికే చేయించుకుని ఉండరు. అందుకే వాళ్లకు ఆ మాట కమ్మగా ఉంటుంది.

కాబట్టి మా వర్క్‌షాపులో మొదటి గంట కంప్యూటరు ముట్టం. కూలి లెక్క మాట్లాడుకుంటాం. వెట్టిలో కుట్టిన చెప్పు దొరది. 1983లో గ్నూ మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్, 1989లో జీపీఎల్ లైసెన్సు తెచ్చి ఒక మెలిక పెట్టాడు. ప్రోగ్రామును ఎవరైనా వాడొచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు; మార్చింది పంచితే మాత్రం మూలం కూడా అదే షరతు మీద ఇవ్వాలి. ఎవడూ గడీలో పెట్టి తాళం వేసుకునే వీలు లేదు. 1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మరుసటేడు ఈ లైసెన్సు కిందికే వచ్చింది. పిల్లల జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచేది దాని మీదే. రెండో వైపు కూడా చెప్తాను. లైసెన్సులన్నీ ఇంత గట్టివి కావు. ఎంఐటీ లైసెన్సు కింద రాసినదాన్ని కంపెనీ తీసుకుని మూసేసుకున్నా అడగలేం. కోట్లు గడించే కంపెనీల పునాదుల్లో జీతం లేని చేతులు చాలా ఉన్నాయి. ఇది దాచిపెట్టి పిల్లల్ని పిలిస్తే అది మోసమే.

కూలి దొరికే దారులు కూడా బోర్డు మీద రాస్తాను. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి ఉంది, స్టైపెండు ఇస్తుంది. ఔట్‌రీచీ 2006లో గ్నోమ్ ప్రాజెక్టులో ఆడవాళ్ల కోసం మొదలై, తర్వాత వివక్షకు గురయ్యే మిగతావాళ్లకూ తలుపు తీసింది. మూడు నెలల పనికి 7,000 డాలర్లు. మీ దేశంలో మీరు ఎదుర్కొన్న వివక్ష ఏమిటో దాని దరఖాస్తులో రాయమంటారు. "అక్కా, గిక్కడ కులం రాయొచ్చా?" అని హాస్టలు పిల్ల ఒకతి గుసగుసగా అడిగింది. గది కిరాయికి అడిగే చోట మింగేయమని ఇంట్లో నేర్పిన మాట అది. రాయి చెల్లే, ఇడమరిచి రాయి అన్నాను.

ఈ ఓపెన్ అనే మాట మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. మహాద్‌లో చవదార్ చెరువును 1924లోనే మునిసిపాలిటీ తీర్మానం చేసి అంటరానివాళ్లకు తెరిచింది. కాగితం మీద ఓపెన్. 1927 మార్చి 20న అంబేద్కర్ వేల మందితో నడిచిపోయి దోసిలి పట్టేదాకా ఆ నీళ్లు మనవాళ్ల గొంతు దిగలేదు. ఆ రోజే దెబ్బలు తిన్నారు. కోర్టులో గెలిచేసరికి 1937 వచ్చింది. గిట్‌హబ్ కూడా అట్లాంటి చెరువే. ఎవరైనా రావొచ్చు. లాప్‌టాప్ ఉన్నవాడు, ఇంగ్లీషులో గద్దిస్తే ఇంగ్లీషులో జవాబు చెప్పగలిగినవాడు ముందొస్తాడు. వర్క్‌షాపుకు ప్లాను వేయడమంటే గట్టు మీంచి నీళ్ల దాకా మెట్లు కట్టడం.

మెట్లంటే చిన్న చిన్న పనులే. నెల ముందు పోయి లాబ్ చూసుకోవాలి. నలభై మంది ఒకే కనెక్షన్ మీద గిట్ దించుకుంటే పొద్దు గూకుతుంది, కనుక ఫైళ్లు పెన్‌డ్రైవుల్లో మోసుకుపోవాలి. తెలుగు వికీపీడియా పని పెట్టుకుంటే, ఒక కనెక్షన్ మీంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు. మినహాయింపు ముందే అడగాలి. 2023 నుంచి గిట్‌హబ్ కోడ్ పంపేవాళ్లను రెండో తాళం అడుగుతోంది. ఇంటికంతా ఒకటే ఫోను, అది నాయనతో పాటు అడ్డా మీదికి పోతుంది. ఇక కోడ్ ఎక్కడికొస్తుంది? అందుకే ఖాతాలు వారం ముందే తెరిపించి, రికవరీ కోడ్‌లు నోటుబుక్కులో రాయిస్తాను.

ప్రాజెక్టును కూడా ముందే చూసుకోవాలి. ఫలానా రోజు ఇంతమంది కొత్తవాళ్లు వస్తారు, చూసేవాళ్లుంటారా అని మెయింటైనరుకు రాయాలి. ఉంటామని మాటియ్యని ప్రాజెక్టు జోలికి పోను. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ టీషర్టు కోసం అక్షరమో ముక్కో మార్చిన పుల్ రిక్వెస్టులు కుప్పలుగా పడ్డాయి. నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. తిట్లు మాత్రం ఇండియా పిల్లలందరికీ పడ్డాయి. ఒకడు చేసింది వాడకంతా అంటగట్టడం మనకు తెలియందా? అందుకే మా పిల్లలు ముందు మా సొంత రిపాజిటరీలోనే ఫోర్కు, కమిట్ అన్నీ పాడుచేసి నేర్చుకుంటారు. ఆ తర్వాతే బయటికి.

గిట్ ముందుగా అడిగేది పేరు. ఒక కాలేజీలో సాయానికొచ్చిన మెంటరు "ఫుల్ నేమ్ చెప్పు, ఇంటిపేరుతో" అన్నాడు, ఆ తర్వాత ర్యాంకు అడిగాడు. పిల్లవాడి వేళ్లు కీబోర్డు మీద అట్లనే ఆగిపోయినయ్. గిట్‌కు ఇంటిపేరు అక్కర్లేదు, ఆయనకు కావాల్సొచ్చింది. అప్పటి నుంచి మెంటర్లకు ముందు రోజు ఒక కూర్చోబెట్టుడు ఉంటుంది. ఊరు, ఇంటిపేరు, ర్యాంకు అడగొద్దు. పిల్ల చేతిలోంచి మౌసు గుంజుకోవద్దు. చాలా ప్రాజెక్టులు పెట్టుకునే కంట్రిబ్యూటర్ కొవెనెంట్ అనే ప్రవర్తన నియమావళిలో 2021 నాటి 2.1 కూర్పుతో కులం అనే మాట చేరింది. ప్రింటు తీసి తలా ఒకటి ఇస్తాను. కులమా, ఇక్కడెందుకు అని మొఖం చిట్లించినవాళ్లు ఉన్నారు. వాళ్లను మళ్లీ పిలవలేదు.

2020 అక్టోబరులో గిట్‌హబ్ కొత్త రిపాజిటరీల్లో మాస్టర్ అన్న పేరు తీసి మెయిన్ అని పెట్టింది. నల్లవాళ్ల పోరాటపు వేడి తగిలి జరిగిన మార్పు అది. పేరు మారితే పొట్ట నిండుతుందా అని నవ్వినవాళ్లున్నారు. దొరా అని పిలిచిన నోటికి తెలుస్తుంది పేరులో ఏముందో.

మొన్నటి వర్క్‌షాపులో తెలుగు అనువాదం పని పెట్టుకున్నాం. ఒక తెర మీద "నిష్క్రమించు" అని ఉంది. ఇదేం తెలుగక్కా, మా అవ్వకు ఇది మంత్రం లెక్కనే అని ఒక పిల్ల "బయటికి పో" అని మార్చి పంపింది. మర్యాదగా లేదు, గ్రాంథికమే ఉండాలని జవాబు వచ్చింది. పిల్ల రాత్రంతా కూర్చుని, ఏ మర్యాద, ఎవరి మర్యాద అని ఇంగ్లీషులో పది వాక్యాలు రాసింది. అందులో తప్పులున్నయ్. నేను దిద్దలేదు. చివర "పోనీ, బయటికి వెళ్లు అని పెడదామా?" అని అడిగింది. మూడు వారాలైంది, రోజూ పొద్దున లేవగానే నాయన ఫోనులో చూసుకుంటోందట. అవతల ఇద్దరు ఆమె వైపు మాట్లాడారు, ఒకరు ఇంకా ఒప్పుకోలేదు.