కాలర్ హీరోది... మెడ మనది!

క్లోజప్ షాట్‌లో హీరో ముఖం తర్వాత తెరమీద మనకు కనిపించేది ఏమిటో ఎప్పుడైనా గమనించారా? కాలర్! డెబ్బయ్యో దశకం సినిమాలు చూడండి. ఎన్టీఆర్ కానివ్వండి, కృష్ణ కానివ్వండి, శోభన్ బాబు కానివ్వండి... కుక్క చెవుల్లాంటి కాలర్ భుజాలకేసి పరుచుకుని ఉంటుంది. మనకి 'అడవి రాముడు' వచ్చిన 1977లోనే అమెరికాలో 'సాటర్డే నైట్ ఫీవర్' వచ్చింది. అందులో జాన్ ట్రవోల్టా నల్ల చొక్కా కాలర్ని తెల్లకోటు మీదికి తీసి మరీ డాన్సు చేశాడు. ఆ గాలి మన ఒక్కరికే సోకలేదన్నమాట!

మా ఆర్మూరులో మాత్రం ఫ్యాషన్ పసుపుని బట్టి వస్తుంది. జూన్‌లో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండాలి. దాన్ని తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ యార్డులో కాంటా వేస్తేనే మా ఇంట్లో కొత్త బట్టలు. ఏడాదికి ఒక్క మంచి అంగీ. కాలర్ కుదరకపోతే మళ్ళీ పంట దాకా ఆగాల్సిందే!

మా చెల్లెలి పెళ్ళికి నాన్న, తమ్ముడు, నేను మా దర్జీ చాచా దగ్గరికి వెళ్ళాం. తమ్ముడు సెల్‌ఫోన్‌లో ఓ హీరో ఫోటో చూపించాడు. కొసలు రెండూ దూరంగా విడిపోయిన కాలర్, లింకులు పెట్టుకునే మడత కఫ్. చాచా ఫోటో వైపు ఓసారి చూసి, వాడి ముఖం వైపు రెండుసార్లు చూశాడు.

"నీది గుండ్రటి మొగం బేటా. ఈ కాలర్ పెడితే ఇంకా గుండ్రంగ కనబడ్తవ్. కొసలు జర కిందికి దిగాలె. ఆ హీరోది కోలమొగం, ఆయనకి నడుస్తది."

కోటు లేనప్పుడు లింకులెందుకన్నాడు. గడియారం ఏ చేతికి పెట్టుకుంటావని అడిగి, ఆ కఫ్ కాస్త వదులుగా రాసుకున్నాడు.

ఇక నాన్న వంతు. ఆయనకెప్పుడూ హాఫ్ హ్యాండ్సే. కఫ్‌కి పసుపు అంటితే, సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. ఎండలో ఆరేస్తే తప్ప పోదు. కాలర్ అరిగితే చాచాయే విప్పి, తిరగేసి కుట్టిచ్చేవాడు. ఇంకో ఏడాది నడిచేది.

అలాంటి నాన్న ఆ రోజు మెల్లగా అన్నాడు: "భాయ్, ఈసారి ఫుల్ హ్యాండ్స్ పెట్టు. చేతులు జర పొడుగుండాలె."

కుడి మణికట్టు మీద మచ్చ ఉంది ఆయనకి. ఇప్పుడంటే ఆవిరి బాయిలర్లొచ్చాయి గానీ, అప్పట్లో పసుపు ఉడికేది కడాయిలోనే. ఆ కడాయి దగ్గర కాలిన మచ్చ. వియ్యాలవారి ముందు అది కనబడకూడదని ఆయన బాధ. చాచా ఎందుకని అడగలేదు. టేపు బొటనవేలి మొదలు దాకా దించి కొలత రాసుకున్నాడు. ఆనక, "కఫ్‌కి పక్కపక్కన రెండు గుండీలు పెడ్త పటేల్ సాబ్, పని పడితే మడుచుకోవచ్చు" అన్నాడు.

పెళ్ళిలో ఆ పని పడనే పడింది! మగపెళ్ళివారు భోజనాలకు కూర్చోగానే నాన్న చేతులు రెండూ పైకి మడిచి వడ్డనకు దిగిపోయాడు. మచ్చ సంగతే మరిచిపోయాడు. వియ్యంకుడు దాన్ని చూసి, నవ్వి, తన మోచేయి ముందుకు చాపాడు. అక్కడా అలాంటి మచ్చే. ఆయనా పసుపు రైతే మరి!

సరే, ఈసారి మీరు దర్జీ దగ్గరికెళ్ళేటప్పుడు హీరో ఫోటోతోబాటు మీకు బాగా కుదిరిన పాత చొక్కా ఒకటి ఆదిగా పట్టుకెళ్ళండి. నూలు గుడ్డయితే ముందే తడిపి ఆరబెట్టండి, తర్వాత కురచయ్యిందని ఏడవక్కర్లేదు. గుండీ పెట్టాక కాలర్లో రెండు వేళ్ళు దూరాలి. చెయ్యి చాపినా కఫ్ మణికట్టు దాటి పైకి పోకూడదు. హీరోగారికి షాట్‌కో చొక్కా. మనకి చొక్కాకో ఏడాది. కాదంటారా?