గేటు పక్కన నాలుగడుగుల మట్టి

ఇల్లు కట్టడం అయిపోయింది. గేటు పక్కన నాలుగడుగుల మట్టి మిగిలింది. అక్కడ ఏ చెట్టు వేద్దామని ఫ్యామిలీ గ్రూపులో పోల్ పెట్టాను.

నాన్న ఓటు కోనోకార్పస్‌కి. త్వరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. కానీ దాని వేళ్ళు డ్రైనేజీ పైపుల్లోకి దూరతాయి. నేను పొగడకి వేశాను. పూలు ఎండినా వాసన పోదు. కాకపోతే మెల్లగా పెరుగుతుంది.

నానమ్మకి ఫోన్ లేదు. వెళ్ళి అడిగాను.

"పారిజాతం వెయ్యరా. రాత్రి పూసి, తెల్లారేసరికి అవే రాలతాయి. కొయ్యక్కర్లేదు, రాలినవే దేవుడికి పెట్టొచ్చు."

"ఆ మోకాళ్ళతో వంగి ఎలా ఏరతావ్ నానమ్మా?"

"దసరాకి బాగా పూస్తుంది. సెలవులకి నువ్వొస్తావుగా!"

పోయిన దసరాకి హ్యాకథాన్ ఉందని నేను ఇంటికి రాలేదు.

పోల్ తీసేసి నర్సరీకి బయల్దేరాను.