నాలుక లేని గడ్డి

మా మడిలో వరి నాటి 20 దినములైనది. కలుపు తీయుటకు అవ్వ వెంట నేనును దిగితిని. వృక్షశాస్త్రము చదివితినను గర్వము నాకు కొంత యుండెను. గంటసేపైన పిమ్మట, నేను గట్టుపై వేసిన కుప్పను అవ్వ విప్పి చూచెను. అందు సగము వరియే! ఊద మాత్రము మడిలో నిక్కి నిలిచియుండెను.

ఆమె కోపగింపలేదు, అదియే నన్ను ఎక్కువ బాధించెను. "రంగు చూసి మోసపోయినావు అబ్బీ. ఆకు కాడను పట్టుకునే చోట చూడు" అని రెండు మొక్కలను నా చేతికిచ్చెను.

వరియాకు మొదట తెల్లని పలుచని పొర నాలుకవలె లేచి, కొసన రెండుగా చీలియుండును. దాని ప్రక్కల నూగుగల చిన్న చెవులుండును. ఊదకు నాలుకయు లేదు, చెవులును లేవు. ఆ చోటు నున్నన. ఊద మొదలు తరచు ఎఱ్ఱబారియుండును గాని దానిని నమ్మరాదు. కొన్ని వరి రకములకును ఆ రంగు కలదు.

వెన్ను వేసినచో పసివాడైనను గుర్తించును. కాని వరి కోతకు రాకమునుపే ఊద గింజలు మడిలో రాలిపోవును.

ఇది పరాయి గడ్డి కాదు. ఎకైనోక్లోవా కొలోనా యను ఈ అడవి ఊదనుండియే మనవారు తిను ఊదలు పుట్టినవి. మా ఊరి తమిళులు ఆ ధాన్యమును కుదిరైవాలి, అనగా గుఱ్ఱపుతోక, అందురు. అందువలననే కాబోలు, అవ్వ ఊదను తిట్టదు. పెరికి ఆవునకు వేయును.

వేళ్ళు చెడని వరిమొక్కలను ఏరి మరల నాటితిమి. వానిలో 17 బ్రతికినవి.