చెత్తకుప్ప కింది నీరు

జూలై 9, గద్వాల

వస్తూ దారిలో ఒక ఊరి బయట చెత్తకుప్ప దగ్గర ఆగాను. రాత్రి వానకు కుప్ప అడుగు నుంచి డికాషన్ రంగు నీరు కారి, కాలువ కట్టి చెలకల వైపు పోతోంది. కుప్ప మీద నూనె పీల్చని కాగితప్పొట్లాలు, పూత లేచిన నాన్‌స్టిక్ పెనం, చిరిగిన రెయిన్‌కోటు. నూనె, నీరు అంటకుండా ఇలాంటి వాటికి వేసే పూతల్లో ఏళ్లుగా పీఫాస్ రసాయనాలు వాడుతున్నారు. వాటిలో కార్బన్, ఫ్లోరిన్ పట్టు చాలా గట్టిది. మట్టిలోని సూక్ష్మజీవులు కూడా దాన్ని సులువుగా తెంచలేవు.

జూలై 10, వనపర్తి

బస్టాండులో పక్కన కూర్చున్న అవ్వతో ఈ మాటే చెప్పాను. "బోరు నీళ్లు తాగి మా ఈడోళ్ల పండ్లు పచ్చబడ్డయి, మోకాళ్లు వంగయి. ఇది గూడ ఆ ఫ్లోరైడేనా సారూ?" అంది.

కాదవ్వా. అది రాళ్లలోంచి నీళ్లలో కరిగింది. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో దాన్ని అడుక్కి దించే నల్లగొండ పద్ధతి తెచ్చారు. పీఫాస్ ఆ పద్ధతికి లొంగదు. ఫ్లోరైడ్‌కు మన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పీఫాస్‌లో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే రెండింటికి అమెరికా 2024 ఏప్రిల్‌లో తాగునీటిలో పెట్టిన హద్దు ఒక్కోదానికి లీటరుకు 4 నానోగ్రాములు. 3.75 లక్షల రెట్లు తక్కువ. ఆ సంఖ్య చూశాక నిద్ర పట్టలేదు.

జూలై 12, నాగర్‌కర్నూల్

పీఫాస్‌ను తీయడానికి బొగ్గు వడపోత పనిచేస్తుంది కానీ చెత్త నీటిలోని ఇతర మలినాలే ముందు బొగ్గును నింపేస్తాయి. నాకు నచ్చింది నురగ పద్ధతి. నీటిలోకి గాలి బుడగలు వదిలితే, సబ్బు స్వభావం ఉన్న పీఫాస్ వాటిని పట్టుకుని పైకి తేలుతుంది. నురగను తీసేస్తే చాలు. స్వీడన్‌లో టెల్గే అనే సంస్థ చెత్త యార్డులో ఇలాగే చేశారు. పొట్టి గొలుసుల రసాయనాలు మాత్రం అంత బాగా తేలవు.

రాత్రి

హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్త యార్డు మురుగు మల్కారం చెరువును పాడుచేసింది. 2023లో అక్కడ లీచేట్, అంటే కుప్ప కింద కారే నీటి, శుద్ధి ప్లాంటు మొదలైంది. మంచిదే. కానీ ఏ పొరతో వడపోసినా పీఫాస్ నశించదు, పొర ఆపినంత మేర మిగిలిన చిక్కని నీటిలోకి చేరుతుంది. ఆ నీటిని మళ్లీ కుప్ప మీదే పోస్తే తిరిగి కిందికి దిగుతుంది.

జూలై 13

నిజంగా నాశనం చేసే దారులున్నాయి: 374 డిగ్రీలు, 221 బార్ల ఒత్తిడి దాటిన నీటిలో ఆక్సీకరణ, వజ్రపు పూత ఎలక్ట్రోడ్లతో విద్యుత్తు. రెండూ ఖరీదే. అందుకే మొత్తం మురుగుకు కాదు, కొద్దిపాటి నురగకే వాడాలి. అంతకంటే ముందు మన చిన్న పట్టణాల కుప్పల కింద షీటు పరిచి, కారే నీటిని ఒక గుంటలోకి మళ్లించాలి. పట్టుకోని నీటిని ఏ యంత్రమూ శుద్ధి చేయలేదు. మన దగ్గర కొత్త యార్డుకు టెండరు పిలిచినప్పుడు అందులో నేను వెతికేది ఒకే ప్రశ్నకు జవాబు: తీసిన నురగ, మిగిలిన చిక్కని నీరు ఎక్కడికి పోతాయి?