టారిన్ పొడియు, మా చెల్లెలి బిడ్డయు



గడచిన వేసవిలో మా చెల్లెలు తన యెనిమిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆ బాలుడు నేలనుండి లేవవలెనన్న చేతులు తొడలపై నూని, తన శరీరమును తానే యెగబ్రాకునట్లు లేచును. పిక్కలు మాత్రము బలిసినట్లే కనబడును. వైద్యులు దీనిని డుషేన్ కండరక్షయ మనిరి.

చెల్లెలి సంచిలో మందులతోబాటు ఒక పెద్ద డబ్బా యుండెను. "అక్కా! ఇది టారిన్ పొడి. దీనితో కండ మరల పట్టునట. వైద్యుడిచ్చిన మాత్రలవలన వాని మొగ ముబ్బుచున్నది. ఇక వానిని మానిపించి ఇదే యిచ్చెదను" అనెను. దాని వెల వినగానే మా గుండె ఝల్లుమన్నది; అంతకంటె మాత్రలు మానుట యను మాట మమ్ము భయపెట్టినది.

మేము పాఠశాలకు పోయి చదివినవారము కాము. తండ్రిగారి యొద్ద అమరమును, కొన్ని కావ్యములును చదువుకొంటిమి. మా వారు పిల్లలకు ప్రకృతిశాస్త్రము చెప్పువారగుటచే రాత్రులు వారియొద్ద కూర్చుండి యీ టారిన్ సంగతి తెలిసికొంటిమి.

1827లో టీడెమన్, గ్మెలిన్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఎద్దు పిత్తమునుండి దీనిని వేరుచేసిరి. లాటిను భాషలో ఎద్దునకు 'టారస్' అని పేరు. దానినుండియే యీ నామము. పసిబిడ్డలకు గోరోచనము పట్టుట యెరిగిన మన కిది వింతగా దోపదు. ఇప్పు డంగళ్లలో నమ్మునది చాలవరకు రసాయనశాలలలో చేసినదే.

ఇది కండరములలోను, గుండెలోను, కంటిలోను విశేషముగా నుండును. కండరము ముడుచుకొని సడలుటకు కాల్షియము వేళకు కదలవలెను. ఆ కదలికకును, కణములోని నీటి తూకమునకును టారిన్ తోడ్పడును. ఇది కణములలోనికి పోకుండునట్లు పుట్టించిన చుంచెలుకలు పరుగున శీఘ్రముగ నలసిపోయినవి. పిల్లులు దీనిని చాలినంత చేసికొనలేవు. ఆహారమున లోపించిన వాని కన్ను చెడునని 1975లోను, గుండె చెడునని 1987లోను తెలిసినది.

మనుష్యుల సంగతి వేరు. చేపలు, మాంసము తినువారికిది తిండిలోనే దొరకును. శాకాహారమున దాదాపు లేదు. అయినను పప్పులు, పాలు మొదలగు వానిలోని గంధకముగల అమైనో ఆమ్లములనుండి బి6 విటమిను సాయమున మన కాలేయము దీనిని చేసికొనును.

"పప్పన్నము పెట్టుటచేతనే బిడ్డ కిట్లయ్యె" నని ఇరుగుపొరుగు, "నీ కడుపుదోష" మని అత్తగారు, మా చెల్లెలిని పొడుచుచుండిరట. రెండును తప్పే. డిస్ట్రోఫిన్ అను మాంసకృత్తును చేయు జన్యువు చెడుటయే కారణమని 1987 నాటికే తేలినది. అది తల్లినుండి రావచ్చును. సుమారు మూడింట నొకవంతు బిడ్డలలో క్రొత్తగానే పుట్టును. ఎట్లు వచ్చినను తల్లి చేసిన నేరము కాదు.

ఈ వ్యాధిగల యెలుకలకు టారిన్ కొంత మేలు చేసినమాట నిజము. బిడ్డలయం దది ఋజువు కాలేదు. 2019లో జపానువారు దీనిని మెలాస్ అను అరుదైన వ్యాధికి మందుగ నంగీకరించిరి. ఆ వ్యాధి వేరు. టారిన్ తగ్గుటయే ముదిమికి నొక కారణమని 2023లో ఒక పరిశోధన చెప్పగా, వయసుతో నది తప్పక తగ్గునను మాట నిలువదని 2025లో మరియొకటి చెప్పినది. శాస్త్రజ్ఞులు తేల్చుకొననిదానిని డబ్బాపై వ్రాసినవాడు తేల్చివేసినాడు!

ఇదంతయు చెప్పగా చెల్లెలు కంట తడి పెట్టి, "ఆశకూడ లాగుకొందువా అక్కా?" అని యడిగినది. మాకు నోట మాట రాలేదు. మరునాడు మువ్వురమును వైద్యునియొద్దకు పోతిమి. ఆ స్టెరాయిడు మాత్రలు నడక నిలుచు కాలమును పెంచుననియు, వానిని హఠాత్తుగ మానుట ప్రాణాపాయమనియు, తమకు చెప్పక యే పొడియు నీయరాదనియు ఆయన నెమ్మదిగ చెప్పిరి. మడమలు బిగిసిపోకుండ కాళ్లు సాగదీయు విధము మా యిద్దరిచేతను చేయించి చూపిరి.

డబ్బా మా యటకమీద నున్నది. పారవేయుటకు చెల్లెలికి మనసొప్పలేదు, మేమును బలవంతపెట్టలేదు. వారున్నన్నాళ్లు సాయంకాలము బిడ్డ పాదము మా యొడిలో నుంచుకొని, మెల్లగ సాగదీయుచు కథ చెప్పుచుంటిమి. కథ ముగియగానే వాడు రెండవ పాదము చాచి, "పెద్దమ్మా! దీనికింకొక కథ" అనువాడు.