బిడ్డతో నొకనాడు పొన్నూరు చూచుట

బిడ్డను వెంటబెట్టుకొని ఊరు చూడబోవు తల్లులు సాధారణముగా రెండు సిద్ధము చేసికొందురు: దారికి ఫలహారము, చూడవలసిన స్థలముల పట్టిక. పట్టిక యెంత పొడుగైన యాత్ర యంత లాభమని మన తలంపు. కాని ప్రతిదానికి "ఎందుకు?" అని యడుగు ఏడెనిమిదేండ్ల బిడ్డ వెంటనున్నప్పుడు ఆ తలంపు సరిపడదు. "పద, పద, ప్రొద్దు పోవుచున్నది" అనుమాట పదిసారులు వినిన బిడ్డ సాయంకాలమునకు ప్రశ్నించుటయే మానును. అట్లుగాకుండ యాత్ర నెట్లేర్పరచుకొనవలెనో, పొన్నూరు నుదాహరణముగా గొని చెప్పదలచితిమి.

గుంటూరునుండి చీరాలకు పోవు బాటలో పొన్నూరున్నది. ఆ బాటపైననే ముందుగా చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మాలయమును, పొన్నూరు దాటినపిదప బాపట్ల భావనారాయణస్వామి కోవెలయు, దానికి చేరువను సూర్యలంక సముద్రతీరమును గలవు. అన్నిటిని ఒక్కనాడే చుట్టిరావలెనని యెవరికైనను తోచును. వలదని మా మనవి. ఒక దినమునకు పొన్నూరొక్కటియే చాలును.

ముందునాటి రాత్రియే యాత్ర మొదలుపెట్టవచ్చును. పొన్నూర సహస్రలింగేశ్వరస్వామి యాలయమున్నది. సహస్రమనగా వేయి యని చెప్పినంతమాత్రమున బిడ్డకు బోధపడదు. చేటలో మినుములు పోసి, నూరేసి గింజల కుప్పలు పది పెట్టింపుడు. వేయి యన నెంతయో కన్నులకు గట్టినట్లుండును. ఆ యాలయమునందే 24 అడుగుల యాంజనేయ విగ్రహమును, 30 అడుగుల గరుత్మంతుని విగ్రహమును గలవు. అమ్మ అయిదడుగుల పొడవైనచో గరుత్మంతుడు ఆరుగురమ్మలంత యని యింటనే లెక్క కట్టింపుడు. మరునాడు విగ్రహముముందు తల యెత్తి నిలిచినప్పుడు తన లెక్క నిజమని బిడ్డ పొందు సంతోషము చూడదగినది.

తెనాలివైపునుండి రైలుపై వచ్చువారు దిగవలసిన స్టేషను పేరు నిడుబ్రోలు. "మనము పోవునది పొన్నూరు గదా?" అని బిడ్డ యడుగకమానదు. ఈ రెండూళ్లును ఒకదానితో నొకటి కలిసియున్నవనియు, రైతునాయకులగు ఆచార్య ఎన్. జి. రంగాగారు 1900 లో నిడుబ్రోలుననే జన్మించిరనియు చెప్పవచ్చును. చలికాలమున పోయినచో దారిపొడుగున మినుపచేలు చూపుడు. వరి కోయుటకు కొలదిదినములు ముందే ఆ తడినేలపై మినుములు చల్లుదురు. కోత ముగిసినపిదప వరిమోళ్ల నడుమ పైరు పెరుగును. రాత్రి తాను లెక్కించిన గింజ యిట్టిచేలనుండి వచ్చినదని బిడ్డకు తెలియును. మాగాణికి నీరెచ్చటినుండి వచ్చునని యడిగినచో, బెజవాడయొద్ద కృష్ణకు 1855 లో పూర్తియైన ఆనకట్టను, దానికి బదులుగా 1957 లో వచ్చిన ప్రకాశం బ్యారేజిని గూర్చి చెప్పుడు. మనకు తెలియని ప్రశ్న వచ్చెనా, చిన్నపుస్తకమున వ్రాయించి ఇంటికి వచ్చినపిదప కనుగొనుడు.

మధ్యాహ్నము గుడితలుపులు మూయుదురు గనుక ఉదయముననే సాక్షి భావనారాయణస్వామి కోవెలకు పోవలెను. తరువాత భోజనమును, కొంత విశ్రాంతియు. ఎండ తగ్గినపిదప సహస్రలింగేశ్వరాలయము. ఇంతకుమించి పెట్టుకొనకుడు.

కోవెలలో బిడ్డ యడుగు మొదటిప్రశ్న, "సాక్షి యన నేమి?" అని. కాశీయాత్రలో ఒకరు పిల్లనిచ్చెదనని మాట యిచ్చి, ఇల్లు చేరినపిదప వెనుదీయగా, ఆ మాటకు సాక్ష్యము పలుకుటకై స్వామియే తరలివచ్చి యిచ్చట నిలిచెనని స్థలపురాణము. ఒరిస్సాలోని సాక్షిగోపాలుని కథయు నిట్టిదే. మాట యిచ్చినవారు తప్పరాదని బిడ్డకు నేర్పుటకు ఇంతకన్న తగిన చోటు లేదు.

అయితే, సోదరీమణులారా, ఈ కథ చెప్పు తల్లికి చిక్కొకటి గలదు. సముద్రము చూపుమని బిడ్డ మారాము చేసినప్పుడు "మరియొకసారి చూపింతునులే" యని మన మెన్నిసారు లనలేదు! ఆ మరియొకసారి రాకున్నను బిడ్డ మరువదు. మన మాట నమ్ముట మాత్రము మానును. ఇంటిపనులు, పెద్దల సేవ, వచ్చిపోవు చుట్టములు—వీని నడుమ గడప దాటుట మనకే యరుదు. కాబట్టి నోటికి వచ్చినట్లు మాట యియ్యకుడు. వదలివచ్చిన స్థలములలో నొక్కదానిని మాత్రము బిడ్డనే యెన్నుకొననిచ్చి, ఇంటివారితో నాలోచించి, పోగల దినమును నిర్ణయించి, గోడనున్న పంచాంగముపై బిడ్డచేతనే గుర్తు పెట్టింపుడు. ఆ దినమున వానవచ్చినను, చుట్టము వచ్చినను, వెంటనే మరియొక దినమునకు గుర్తు మార్పింపుడు, చెరిపివేయకుడు. మనము బిడ్డకిచ్చిన మాటకు సాక్షిని కాశినుండి పిలువనక్కరలేదు, బిడ్డయే సాక్షి.