అమ్మ కోసం ఫిబ్రవరి

లాస్ ఏంజెలిస్‌లో మా ఇంటి నుంచి పామ్ స్ప్రింగ్స్ రెండు గంటల దారి. ఎప్పుడు వెళ్ళాలన్నదే పేచీ. జులైలో పిల్లలకి సెలవులు, గదులూ చవక. మావారి ఓటు దానికే.

పోయినసారి అలాగే వెళ్ళాం. "రెంటచింతలలో పుట్టినదాన్ని, నాకు ఎండ కొత్తా?" అంది అమ్మ. తీరా చూస్తే 43 డిగ్రీలు. పాపం, రెండు రోజులూ గది దాటలేదు. కేబుల్ కారులో 8,516 అడుగుల ఎత్తుకి చేరాక మాత్రం చలికి కొంగు కప్పుకుని, "ఇక్కడే ఉండిపోదామే" అంది.

ఫిబ్రవరిలో కిందే 23 డిగ్రీలకి అటూ ఇటూ. మార్చిలో అమ్మ ఇండియా వెళ్ళిపోతుంది. ఆ మోకాళ్ళతో మళ్ళీ వస్తుందో రాదో. పిల్లల చేత ఒక శుక్రవారం బడి మాన్పించైనా సరే అనుకుని ఫిబ్రవరికే గది బుక్ చేశాను. అద్దె ఎంతో మావారికి ఇంకా చెప్పలేదు.